ముఖం దొరది, కోటు ఎవరిది?

మా ఊరి ఫోటో స్టూడియోలో గోడకి ఒక నల్లకోటు వేలాడుతూ ఉండేది. హాల్‌టికెట్‌కి, పెళ్ళిసంబంధానికి, గల్ఫ్ పాస్‌పోర్టుకి, ఊరందరికీ అదే కోటు. బక్కపలచటివాడు తొడుక్కుంటే వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగించేవారు. భారీమనిషి వస్తే వెనక కుట్టు విప్పి ఉంచిన సంగతి అక్కరకొచ్చేది. ముందునుంచి చూస్తే అందరూ ఆఫీసర్లే. నా పదో తరగతి ఫోటోలో నేనూ ఆ కోటులోనే ఉన్నాను. ముఖం నాదే గానీ భుజాలు నావి కావు. ఆ కోటు ఎవరు కుట్టారో ఎవరూ అడగలేదు. ఫోటో బిల్లు మీద మాత్రం కింద పెన్సిల్‌తో ఒక ముక్క ఉండేది: కోటు, అర్ధరూపాయి.

చాలా ఏళ్ళ తర్వాత యూరపు సేనాపతుల రూపచిత్రాల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఆ కోటే గుర్తొచ్చింది. మనుషులు వేరు, విగ్గులు వేరు, ఛాతీ మీద ఇనుప కవచం మాత్రం అదే వాటం, అదే చోట అదే మెరుపు. ఇలాంటి చిత్రాల గురించి రాసేవాళ్ళు ముఖం గురించే రాస్తారు: కళ్ళలో కాఠిన్యం, పెదవి మీద గర్వం. నిలువెత్తు చిత్రంలో ముఖం ఎంత? జానెడు. మిగతాదంతా బట్ట, ఇనుము, తోలు, సరిగ, గుర్రం, ఆ గుర్రం కళ్ళెం పట్టుకున్నవాడు. నాలుగు శతాబ్దాల పాటు ఆ మిగతాది చేసినవాళ్ళు వేరు, కింద సంతకం పెట్టినవాడు వేరు, పైన పేరు మోసినవాడు వేరు. వాళ్ళ ఆచూకీ కావాలంటే బొమ్మలో వెతికి లాభం లేదు. అర్ధరూపాయి లాంటి లెక్కలు ఎక్కడున్నాయో చూసుకోవాలి.

ఇనుముతోనే మొదలుపెడదాం. ఉర్బినో ప్రభువు ఫ్రాన్చెస్కో మారియా డెల్లా రోవెరే 1536లో తన కవచాన్ని వెనిస్‌లో ఉన్న టిషియన్ దగ్గరికి పంపించాడు. చిత్రం ఒక పట్టాన తెమల్లేదు. కవచం చిత్రకారుడి గదిలోనే ఉండిపోయింది. ప్రభువు తన మనిషికి ఉత్తరం రాయాల్సి వచ్చింది: పని అయిపోతే నా కవచం నాకు జాగ్రత్తగా తిరిగి పంపించే ఏర్పాటు చూడండని. యుద్ధాలు వృత్తిగా బతికే మనిషి. అది ఆయనకు అలంకారం కాదు, పనిముట్టు. అప్పు తీసుకున్న బిందె తిరిగివ్వని పొరుగింటివాళ్ళకి కబురు పెట్టినట్టుంటుంది ఆ సంగతి చదివితే. ఆ చిత్రం ఇప్పుడు ఫ్లోరెన్సులో ఉఫీజీ మ్యూజియంలో ఉంది. నల్లటి ఇనుము మీద కిటికీ వెలుగు నీళ్ళలా జారుతుంటుంది.

ఆ మెరుపు తేవడం ఎంత కష్టమో చిత్రకారుడు వసారీ స్వయంగా చెప్పుకున్నాడు. 1534లో ఫ్లోరెన్సు డ్యూకు అలెస్సాండ్రో మెదిచీని కవచంతో గీస్తూ అసలు కవచాన్ని పక్కనే పెట్టుకున్నాడట. ఎంత తెల్లరంగు పూసినా ఇనుము ముందు వెలవెలబోతోంది. గోల పెడుతుంటే పెద్దవాడైన పొంతోర్మో వచ్చి చూసి, ముందు ఆ అసలు కవచాన్ని ఇక్కడినుంచి తీసెయ్యి, అప్పుడు నీ బొమ్మ నువ్వనుకున్నంత అధ్వాన్నంగా లేదని తెలుస్తుందన్నాడట. నాకు ఇది వట్టి వృత్తి చిట్కాగా కనిపించదు. తర్వాతి మూడువందల ఏళ్ళు ఈ కళ సరిగ్గా అదే చేసింది. అసలు వస్తువును, దాన్ని చేసిన మనిషిని గదిలోంచి బయటికి పంపించి, బొమ్మను మాత్రం ఉంచింది.

ఐదో చార్లెస్ చక్రవర్తి 1547 ఏప్రిల్‌లో ముల్‌బర్గ్ దగ్గర గెలిచాడు. మరుసటి ఏడాది టిషియన్ ఆగ్స్‌బర్గ్‌కి వెళ్ళి గుర్రం మీది చక్రవర్తిని గీశాడు. చిత్రంలోని కవచం ఈనాటికీ మాడ్రిడ్ రాజ ఆయుధశాలలో ఉంది. దాన్ని 1544లో చేసినవాడు ఆగ్స్‌బర్గ్ కమ్మరి డెసిడేరియస్ హెల్మ్‌ష్మిడ్. ఇంటిపేరులోనే శిరస్త్రాణాల కమ్మరి అన్న అర్థం ఉంది. కవచం అంటే ఒక్క చేతి పని కాదు. రేకు కొట్టేవాడు ఒకడు, నీటిమర దగ్గర సాన పట్టి మెరుగు పెట్టేవాడు ఒకడు, తోలు పట్టీలు, బిళ్ళలు బిగించేవాడు ఇంకొకడు. మనం టిషియన్ కుంచె గొప్పదనం అనుకుని చూసే మెరుపులో సగం, నీటిమర దగ్గర కూర్చుని చేతులు అరగదీసుకున్నవాడిది. పైగా ఆ చిత్రం ఆరుతున్నప్పుడు గాలికి పడి గుర్రం దగ్గర చిరిగితే సరిచేసింది స్థానిక చిత్రకారుడు క్రిస్టఫ్ ఆంబర్గర్. అతని పేరు కూడా చిత్రం పక్కని పలకమీద ఉండదు.

పలక మీద ఉండని మనుషులు ఖర్చుల పద్దులో ఎలా బయటపడతారో చెప్పడానికి స్పెయిన్‌లోని ఫ్రాగా ఊరు మంచి ఉదాహరణ. 1644లో నాలుగో ఫిలిప్ రాజు దండయాత్రలో అక్కడ మకాం వేశాడు. ఎర్రటి కోటు మీద దట్టమైన వెండి సరిగ పనితో వెలాస్కెజ్ గీసిన రాజు చిత్రం ఇప్పుడు న్యూయార్క్‌లోని ఫ్రిక్ మ్యూజియంలో ఉంది. చూస్తే ఏ రాజమందిరంలోనో తీరిగ్గా గీసినట్టుంటుంది. నిజానికి చిత్రకారుడికిచ్చిన గది పాడుబడ్డ కొట్టం. వెలుగు కోసం కిటికీ తెరిపించారు, గోడలు బాగుచేయించారు, రాజు నిలబడే చోట నేలమీద తుంగ పరిపించారు. రాజు మూడుసార్లు వచ్చి నిలబడ్డాడు. వడ్రంగికి, తుంగ తెచ్చినవాడికి ఇచ్చిన డబ్బు రాసిపెట్టారు కాబట్టే ఇదంతా మనకు తెలిసింది. వెండి సరిగ వెలుగులో తుంగ పరిచినవాడు కనిపించడు, కానీ రాజు కాళ్ళకింద ఉన్నది అతని పనే.

అంతకు కొన్నేళ్ళ ముందు లండన్‌లో వాన్ డైక్ ఈ పనిని గడియారం ప్రకారం నడిపించాడు. ఆయన ఎలా పనిచేసేవాడో ఎవరార్డ్ జాబాక్ అనే శ్రీమంతుడు చెప్పగా ఫ్రెంచి రచయిత డి పీల్ గ్రంథస్థం చేశాడు. ఒక్కొక్కరికి ఒక్కో సిట్టింగుకి గంట. గంట కొట్టగానే లేచి నమస్కారం పెట్టి పంపించేయడం, నౌకరు కుంచెలు కడిగి తెచ్చేలోగా తర్వాతి మనిషి కూర్చోవడం. బూడిదరంగు కాగితం మీద పావుగంటలో సుద్దతో వాటం గీసి సహాయకులకు ఇచ్చేస్తే, ఆ దొరలు పంపించిన బట్టలు చూసి వాళ్ళు కోటూ మడతలూ గీసేవాళ్ళు. చేతులు కూడా ఆ దొరవి కావు. అందమైన చేతులున్నవాళ్ళను, ఆడా మగా, జీతం ఇచ్చి పెట్టుకునేవాడు. ఎందరో సుకుమారుల చేతులు నిజానికి ఏ కూలిమనిషివో అన్నమాట. పెదవి విరవనక్కర్లేదు. మన సినిమాల్లో హీరో ముఖం ఒకరిది, గొంతు ఒకరిది, పాట ఒకరిది, ఫైటు ఇంకొకరిది. మనం టిక్కెట్టు కొనుక్కుని సంతోషంగానే చూస్తున్నాం.

డచ్చివాళ్ళ సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకెళతాను. రెంబ్రాంట్ 1642లో పూర్తిచేసిన నైట్ వాచ్‌లో నగర రక్షకదళం పెద్దమనుషులు ఉన్న చోటును బట్టి తలా ఇంతని, సుమారు వంద గిల్డర్ల చొప్పున, డబ్బు వేసుకున్నారు. పద్దెనిమిది మంది పేర్లు ఒక డాలు మీద రాసి ఉన్నాయి. డప్పు కొట్టేవాడు చందా వేయలేదు, కిరాయికి వచ్చాడు. డాలు మీద అతనికి చోటు లేదు.

పద్నాలుగో లూయీ కాలపు చిత్రకారుడు ఇయాసింత్ రిగో మాత్రం నాకు ప్రత్యేకంగా ఇష్టం, బొమ్మల కోసం కాదు, చిట్టా కోసం. ఆయన ఏటేటా జమాఖర్చులు రాసుకున్న పుస్తకం మిగిలింది. ఎవరెవరు ఏ ఏడాది బొమ్మ గీయించుకున్నారో, ఎంతిచ్చారో ఒకవైపు. ఏ సహాయకుడికి ఏ పనికి ఎంతిచ్చాడో ఇంకోవైపు. ఫలానావారి దుస్తులు పూర్తిచేసినందుకు ఇంత, ఫలానా చిత్రానికి నకలు తీసినందుకు ఇంత. వెనకాల పొగలో లీలగా కనిపించే యుద్ధాన్ని జోసెఫ్ పారోసెల్ లాంటి యుద్ధచిత్రాల నిపుణుడి చేత వేయించడం కూడా ఉంది. ఒకసారి కుదిరిన కవచం వాటాన్ని ఇంకొకరి మెడకింద పెట్టుకోవడంలో మొహమాటం లేదు. పూర్తిగా కొత్త వాటం కావాలంటే ధర ఎక్కువ. ఇంతా చేసి అప్పటికి తుపాకీ గుండు ముందు నిండు కవచానికి పెద్ద ప్రయోజనమేమీ మిగల్లేదు. యుద్ధంలో పనికిరాకుండా పోయాక కవచం చిత్రాల్లో ఇంకో వందేళ్ళు బతికింది. స్టూడియో గోడకి వేలాడింది.

ఇంగ్లండులో ఈ పని విభజన పచ్చిగా వ్యాపారమైంది. పీటర్ లేలీ దగ్గర వాటాలకు అంకెలుండేవి. 1665లో లోస్టాఫ్ట్ దగ్గర డచ్చివాళ్ళ మీద గెలిచిన నౌకాధిపతులు 13 మందిని ఆయన గీస్తున్నప్పుడు, 1666 ఏప్రిల్‌లో శామ్యూల్ పెపీస్ వెళ్ళి చూసి డైరీలో రాసుకున్నాడు. తర్వాత వచ్చిన గాడ్‌ఫ్రీ నెల్లర్ ఒక్కరోజులో 14 మందిని కూర్చోబెట్టేవాడని చెబుతారు. విగ్గుకి ఒకడు, లేసుకి ఒకడు, బట్టకి ఒకడు. ఇక పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి స్టూడియోలో కూడా ఉండక్కర్లేని, ఊరందరికీ కలిపి పనిచేసే బట్టల చిత్రకారుడు తయారయ్యాడు. అలాంటివాళ్ళలో పేరుమోసినవాడు, పేరుమోసినవాడంటే ఆ వృత్తిలోనివాళ్ళకే తెలిసినవాడు, జోసెఫ్ వాన్ ఏకెన్. ఆంట్‌వెర్ప్ నుంచి లండన్ వచ్చినవాడు. థామస్ హడ్సన్, అలన్ రామ్సే ఇద్దరూ పోటీదారులు. ఇద్దరి చిత్రాల్లో బట్టలూ ఈయనవే. ముఖం పూర్తిచేసిన గుడ్డచుట్టలు ఆయన ఇంటికి వచ్చేవి, సాటిను, జరీ, కోటు తొడుక్కుని తిరిగి వెళ్ళేవి. ఎవరి చిత్రం ఏదో పోల్చుకోవడం కష్టంగా ఉందని అప్పటి కళావార్తల రచయిత జార్జి వెర్చూ వాపోయాడు. 1749లో వాన్ ఏకెన్ పోయినప్పుడు లండన్ చిత్రకారులంతా శవయాత్రలో గుండెలు బాదుకుంటున్నట్టు హోగార్త్ వ్యంగ్యచిత్రం వేశాడట. ఏడుపు బూటకం కాదు, రేపు కోట్లు ఎవరు తొడుగుతారు? ఆయన వీలునామా అమలు చూసిన పెద్దల్లో ఆ ఇద్దరు పోటీదారులూ ఉన్నారు.

కోటు గీయడానికి కోటు ఉండాలి, దాన్ని కదలకుండా ఎవరో తొడుక్కుని ఉండాలి. దొరకి అంత ఓపిక లేదు. అందుకని కీళ్ళబొమ్మలు వచ్చాయి. శిల్పి రూబిలియాక్ వాడిన అలాంటి బొమ్మ ఒకటి లండన్ మ్యూజియం దగ్గర ఉంది. లోపల లోహపు అస్థిపంజరం, పైన బెరడూ పట్టుబట్టా, ఆడకీ మగకీ సరిపడా చిన్న చిన్న దుస్తులు. ఆర్థర్ డేవిస్ చిత్రాల్లో మనుషులు కొయ్యగా నిలబడ్డారని విమర్శకులు అంటారు. ఆయన తప్పేముంది, నిలబడింది కొయ్యబొమ్మే.

జాషువా రేనాల్డ్స్ గురించి వృత్తిలో ఒక కథ ప్రచారంలో ఉంది. టోపీ చంకలో పెట్టుకున్న వాటం అలవాటైపోయి, ఒక పెద్దమనిషి టోపీ తలమీద ఉండాలని కోరితే, చిత్రం ఇంటికి వెళ్ళాక చూసుకుంటే తలమీద ఒక టోపీ, చంకలో ఇంకో టోపీ. నిజమో కట్టుకథో గానీ, బాగా పనిచేసిన కార్ఖానాలోంచే ఇలాంటి కథలు పుడతాయి. 1780లలో ఆయన ధరలు కొలతను బట్టి: తల వరకైతే 50 గినీలు, సగానికి 100, నిలువెత్తుకి 200. అంటే అదనంగా ఇచ్చే డబ్బు ముఖానికి కాదు, బట్టకి. ఆ బట్ట గీసిన చేతుల్లో పీటర్ టామ్స్‌ది ఒకటి. 1768లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు ఆయన వ్యవస్థాపక సభ్యుడు. రేనాల్డ్స్ అధ్యక్షుడు. కాగితం మీద ఇద్దరూ ఒకే వరసలో కూర్చున్నారు. 1777లో టామ్స్ తాగుడుకీ దిగులుకీ లోనై ప్రాణం తీసుకున్నాడు. తన బట్టలు తానే గీసుకుంటానని గర్వపడ్డ గెయిన్స్‌బరో మీద నాకు గౌరవం పెరిగేది ఇక్కడే.

ఇప్పుడు ఆ కోటు రంగు. ఇంగ్లీషు సైనికుడు అనగానే ఎరుపు గుర్తొస్తుంది గానీ ఎరుపులు రెండు. మామూలు సిపాయిది మన మంజిష్ఠకు దాయాది అయిన వేరుతో అద్దిన ఇటుక ఎరుపు, ఎండకి వెలిసేది. ఆఫీసరుది కొచినీల్ ఎరుపు, నిప్పులాంటిది. ఆ రంగు మెక్సికోలో నాగజెముడు రేకుల మీద బతికే పురుగుది. వహాకా ప్రాంతపు ఆదివాసీ రైతులు ఆ పురుగుల్ని ఒక్కొక్కటే దులిపి, ఎండబెట్టి అమ్మేవారు. పౌను రంగుకి సుమారు 70,000 పురుగులు కావాలంటారు. తగరపు ద్రావణం కలిపితే ఆ రంగు మండుతుందని పదిహేడో శతాబ్దం మొదట్లో లండన్‌లో ఉన్న కార్నెలిస్ డ్రెబెల్ కనిపెట్టాక అది ఆఫీసర్ల బట్ట అయింది. ఈ పురుగు కోసం ఈస్టిండియా కంపెనీవారు మద్రాసులో కూడా తాపత్రయపడ్డారు. డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ అక్కడ నాగజెముడు తోటే వేశాడు. చివరికి 1795లో కలకత్తా మీదుగా దొరికింది నాసిరకం అడవిపురుగు. పురుగు లాభం ఇవ్వలేదు, నాగజెముడు మాత్రం మన గట్లన్నీ ఎక్కింది.

ఎర్రబట్ట మీద మెరిసే సరిగ సంగతి మనవాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. పట్టుదారం మీద బంగారు మొలాం వేసిన వెండితీగ చుట్టడం పట్టుచీర కొంగు చూసినవాళ్ళందరికీ తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. అప్పట్లో బ్రిటిష్ దళాలకు బట్టలు సర్కారు నేరుగా ఇచ్చేది కాదు. సిపాయి జీతంలోంచి కోత కోసి ఆ డబ్బు దళపతి అయిన కల్నల్ చేతికిచ్చేవారు. ఆయన గుత్తేదారుతో బేరమాడి బట్టలు కుట్టించేవాడు. మిగిలింది ఆయనదే. నాసి గుడ్డ, పలచటి లైనింగు, రెండేళ్ళు తొడగాల్సిన కోటు, ఇదంతా లాభమే. ఆ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా సాగింది. గోడమీద భుజకీర్తులతో నిలబడ్డ కల్నల్‌ను చూసినప్పుడు, ఆ 200 గినీల్లో ఎన్ని సిపాయి వీపు మీది గుడ్డలోంచి వచ్చాయో అని నాకు అనుమానం రాకుండా ఉండదు.

రేనాల్డ్స్ 1782లో గీసిన బనాస్టర్ టార్ల్‌టన్ చిత్రంలో మాత్రం ఎరుపు లేదు. అమెరికా యుద్ధంలో ఆయన నడిపిన దళానిది ఆకుపచ్చ కోటు. తుపాకీ పొగలో ఫిరంగి మీద కాలు పెట్టి కత్తి సర్దుకుంటున్న కుర్రాడు. యుద్ధంలో వేళ్ళు పోగొట్టుకున్న చేతిని చిత్రకారుడు దాచలేదు కూడా. దాగింది వేరే. ఆయన తండ్రి లివర్‌పూల్‌లో బానిసల వ్యాపారి. కొడుకు పార్లమెంటులో ఆ వ్యాపారాన్ని వెనకేసుకొచ్చినవాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో అందరూ ఆ బిగుతు తెల్ల లాగూని మెచ్చుకుంటారు.

అమెరికన్ల వైపు చిత్రంలో దాపరికం ఇంకో రకం. జాన్ ట్రంబుల్ 1780లో లండన్‌లో కూర్చుని జ్ఞాపకంతో జార్జి వాషింగ్టన్‌ను గీశాడు. నీలం, పసుపు సైనిక దుస్తుల్లో సేనాని ముందు. చిత్రం అంచున, గుర్రం దగ్గర, తలపాగా చుట్టుకున్న నల్లమనిషి. అతను విలియం లీ. యుద్ధం పొడుగునా వాషింగ్టన్ పక్కన గుర్రం మీద తిరిగినవాడు. తలపాగా అతనిది కాదు. నల్లసేవకుడంటే తూర్పుదేశపు వేషం వేయాలన్న యూరపు చిత్రకారుల అలవాటు అది. అతన్ని 1768లో 61 పౌన్ల 15 షిల్లింగులకు కొన్నట్టు వాషింగ్టన్ లెక్కల్లో ఉంది. ముఖం గీయడానికి ట్రంబుల్‌కి జ్ఞాపకం చాలలేదేమో గానీ ధర మాత్రం షిల్లింగుతో సహా మిగిలింది. 1799 నాటి వీలునామాలో వాషింగ్టన్ తక్షణమే విముక్తి ఇచ్చింది ఈ ఒక్కడికే, ఏటా 30 డాలర్ల భరణంతో. అప్పటికి లీ మోకాళ్ళు చెడి, మౌంట్ వెర్నన్‌లో చెప్పులు కుడుతున్నాడు.

నెపోలియన్ దగ్గరికి వస్తే నవ్వు ఆపుకోవడం కష్టం. 1800 మేలో ఆల్ప్స్ దాటిన ఘట్టాన్ని దవీద్ గీశాడు. ఎగిరిపడే గుర్రం, ఎగిరే అంగీ, చేయెత్తిన సేనాని. నెపోలియన్ కూర్చోనన్నాడు. మరెంగో యుద్ధంలో వేసుకున్న కోటూ టోపీ పంపించాడు, వాటిని కీళ్ళబొమ్మకి తొడిగారు. వాటం కోసం దవీద్ కొడుకు నిచ్చెనెక్కి కూర్చున్నాడట. అసలు నెపోలియన్ ఆల్ప్స్ కనుమను దాటింది కంచరగాడిద మీద, దాని కళ్ళెం పట్టుకుని నడిచింది పియెర్ డోర్సాజ్ అనే కొండవాడు. జారిపోబోతే పట్టుకున్నది కూడా అతనేనంటారు. డోర్సాజ్‌కి తర్వాత ఇల్లు కొనుక్కోవడానికి డబ్బు అందింది. అతని ఊరు బూర్-సాన్-పియెర్‌కి మాత్రం పూర్తిగా అందలేదు. ఫిరంగుల్ని బోలు దుంగల్లో పెట్టి మంచులో లాగిన కూలి, వాడుకున్న కంచరగాడిదలు, నరికిన చెట్లు, పోయిన వంటపాత్రలు, అన్నింటికీ ఊరివాళ్ళు బిల్లు వేసి, తిరిగి ఇస్తానన్న నెపోలియన్ ఉత్తరాన్ని తరతరాలుగా పట్టుకు తిరిగారు. 1984లో ఫ్రాన్సు అధ్యక్షుడు మితెరాఁ గుర్తుగా ఒక జ్ఞాపిక ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. దవీద్ చిత్రంలో గుర్రం కాళ్ళకింద, బాగా చిన్నగా, ఫిరంగి లాగుతున్న మనుషులు కనిపిస్తారు. 1850లో చిత్రకారుడు డెలరోష్ కంచరగాడిదనూ డోర్సాజ్‌నూ పెట్టి మళ్ళీ గీశాడు. జనం ఇళ్ళల్లో తగిలించుకున్నది గుర్రాన్నే.

స్పెయిన్‌లో గోయా 1812లో వెల్లింగ్టన్‌ను గుర్రం మీద గీశాడు. ఎక్స్-రే తీస్తే కింద ఇంకెవరో గుర్రపురౌతు ఉన్నాడని తేలింది. పాలకులు మారితే గుర్రం అలాగే ఉంది, పైమనిషి మారాడు. గోయాదే ఇంకో చిన్న చిత్రంలో, వెల్లింగ్టన్‌కి కొత్త పతకాలు వచ్చినప్పుడల్లా వాటిని ఛాతీ మీద దిద్దుతూ వచ్చాడు.

ఇంకోవైపు, పనివాళ్ళ పేర్లు రాసిపెట్టిన కార్ఖానా ఒకటుంది, అది అక్బరుది. 1590ల ప్రాంతపు అక్బర్‌నామా ప్రతి ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బొమ్మల కింద అంచున మున్షీ రాసిన చిన్న అక్షరాలు: రూపకల్పన ఫలానా, రంగులు ఫలానా, కొన్నింటిలో ముఖాలు ఫలానా. 1561లో అక్బరు హవాయీ అనే మదపుటేనుగును ఎక్కి, పారిపోతున్న ఇంకో ఏనుగు వెంట పడవల వంతెన మీదికి తోలిన దృశ్యాన్ని కూర్చింది బసావన్, రంగులు నింపింది చేతర్. ముఖం వేసేవాడికీ బట్ట వేసేవాడికీ ఇక్కడా తేడా ఉంది, కాని ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మరీ మురిసిపోకండి, ఇది కళాకారుడి మీద గౌరవం కాదు. వారం వారం దరోగాలు పని చూపిస్తే పాదుషా బహుమానమో జీతమో పెంచేవాడని అబుల్ ఫజల్ రాశాడు. ఎవడికెంతో తెలియడానికి గుమాస్తా పేర్లు రాసుకున్నాడు. రిగో చిట్టా, వాషింగ్టన్ పద్దు, ఈ మున్షీ అక్షరాలు ఒకే జాతివి.

ఎర్రకోటులోకి మనవాళ్ళు ఎప్పుడు దూరారో కూడా చెప్పాలి. 1756లో కలకత్తా పోయిందని క్లైవ్ మద్రాసునుంచి బయలుదేరినప్పుడు వెంట తెచ్చిన సిపాయిల వల్ల బెంగాల్లోనూ హిందుస్తానంలోనూ సిపాయికి తిలంగా అన్న పేరు స్థిరపడింది. తెలుగువాడు కాకపోయినా కంపెనీ కోటు తొడుక్కుంటే తిలంగాయే. ఒక జాతి పేరు ఒక యూనిఫారం పేరైంది. ఆ యూనిఫారమే మెడకు చుట్టుకున్న రోజూ వచ్చింది. మద్రాసు సేనాధిపతి క్రాడాక్ హయాంలో కొత్త తలపాగా వచ్చింది, దాని మీద తోలు కుచ్చు. నుదుట బొట్టూ విభూతీ ఉండకూడదు, గడ్డం ఉండకూడదు. కాదన్నందుకు వెల్లూరులో ఇద్దరికి 900 చొప్పున కొరడాదెబ్బలు శిక్ష వేశారు. 1806 జూలై 10 తెల్లవారకముందే కోట తిరగబడింది. ఆ తిరుగుబాటును ఆర్కాటు నుంచి గుర్రాలతో వచ్చిన గిలెస్పీ మధ్యాహ్నానికల్లా రక్తంలో ముంచాడు. దొరల చిత్రాల్లో యూనిఫారం అంటే వైభవం. వెల్లూరులో అది ప్రాణం మీదికి తెచ్చిన వస్తువు. అదే వెల్లూరులో ఇరవై ఏళ్ళు దాటాక యెల్లప్ప అనే చిత్రకారుడు మద్రాసు సైన్యపు సిపాయిల బొమ్మలు వేశాడు. పని చేసుకుంటూ కూర్చున్న తన బొమ్మ కూడా వేసుకున్నాడు. ఇన్ని శతాబ్దాల ఈ కథలో కోటు గీసే మనిషే చిత్రం మధ్యలో కూర్చోవడం నేను చూసింది అరుదు.

ఎర్రకోటు తర్వాత సంగతి త్వరగా అయిపోతుంది. 1840ల చివర పెషావర్ వైపు లమ్స్‌డెన్ దళం దుమ్మురంగు బట్టలు కట్టింది, ఖాక్ అంటే దుమ్ము, ఖాకీ వచ్చింది. ఫోటో వచ్చింది. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ నిజాం సైన్యాన్నీ దర్బారునీ గాజుపలకల మీదికి ఎక్కించాడు. నెగెటివులు దిద్దేవాళ్ళు, వెనక తెరలు రాసేవాళ్ళు అక్కడ కొత్త వాన్ ఏకెన్‌లు. 1922లో చిత్రకారుడు సార్జెంట్ మొదటి ప్రపంచయుద్ధపు 22 మంది సేనాపతుల్ని ఒకే చిత్రంలో నిలబెడితే చూసినవాళ్ళకు గుర్తున్నది బూట్ల వరస. ఖాకీలో దాచుకోవడానికి మెరుపు మిగల్లేదు.

నేను చివరికి వాయిదా వేసిన చిత్రం ఒకటుంది. 1816లో మద్రాసులో థామస్ హికీ గీసింది. ఎర్రకోటులో నిలువెత్తున కల్నల్ కాలిన్ మెకంజీ, అప్పుడే భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయినవాడు. వెనక దూరంగా కార్కళ గోమటేశ్వరుడు. చుట్టూ ముగ్గురు: జైన పండితుడు ధర్మయ్య, దుర్భిణీ పట్టుకున్న కిష్ణాజీ, ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట లక్ష్మయ్య. గుర్రాన్నో శిరస్త్రాణాన్నో పట్టుకున్నవాళ్ళు కారు వీళ్ళు. ఒకరి చేతిలో తాళపత్రాలున్నాయి. యుద్ధచిత్రాల మూసలో గీసిన బొమ్మే, కానీ ఫిరంగి ఉండాల్సిన చోట తాటాకులున్నాయి. కోటుకి విలువ తెచ్చిన పని కోటు పక్కనే నిలబడి ఉంది.

ఆ పని ఎంతంటే, పండితుడు విల్సన్ 1828లో అచ్చువేసిన పట్టీ ప్రకారం 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 2,630 బొమ్మలు, 6,218 నాణేలు. మనం కైఫియత్తులంటామే, అవి ఇందులోవే. మెకంజీకి ఈ దేశపు భాషల్లో ఒక్కటీ రాదు. ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని, గుడి గోడల మీద అక్షరాలు ఎత్తి, ఇంగ్లీషులో చెప్పింది లక్ష్మయ్యా, అతని అన్న బొర్రయ్యా, వాళ్ళు తయారుచేసిన మనుషులూ. బొర్రయ్య 1803లోనే పోయాడు. తనకు ఈ దేశపు విద్యల తలుపు తెరిచింది అతనేనని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

1821లో మెకంజీ పోయాక లక్ష్మయ్య ఆ పని తాను కొనసాగిస్తానని అర్జీలు పెట్టుకున్నాడు. ఏళ్ళు గడిచాయి. 1830ల్లో విషయం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకెళితే, జేమ్స్ ప్రిన్సెప్ తదితరులు తేల్చింది ఏమిటంటే, ఇతను సహాయకుడిగా మంచివాడే గానీ ఇంత పనికి తల కాగలిగినవాడు కాడని. మెకంజీ కాగితాల పరిశీలన విలియం టేలర్ అనే పాదిరీకి అప్పగించారు. లక్ష్మయ్య అర్జీ, దాని మీద రాసిన అభిప్రాయం, టేలర్‌కి పని అప్పగించిన ఉత్తరం, అన్నీ సర్కారు కాగితాల్లో ఉన్నాయి. చిత్రం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్రకోటు మీద సరిగ ఇంకా మెరుస్తూనే ఉంది, కిష్ణాజీ దుర్భిణీ ఇంకా దించలేదు.